దీవుల్లో మధుమేహం: రక్తంలో చక్కెర ఎందుకు ఎగిసిపడుతుంది, ఎప్పుడు ప్రమాదకరమవుతుంది

ఆరోగ్యవంతుడైన మనిషి శరీరంలో ప్రవహించే మొత్తం రక్తంలో ఒక సమయంలో ఉండే గ్లూకోజు నాలుగైదు గ్రాములకు మించదు. అది సుమారు ఒక టీ చెంచాడు చక్కెరతో సమానం. ఒక పళ్లెం అన్నం జీర్ణమైతే దానికి పది, పదిహేను రెట్ల గ్లూకోజు రక్తంలోకి వచ్చి చేరుతుంది. అయినప్పటికీ ఆ చెంచాడు కొలత పెద్దగా చెదరకుండా క్లోమగ్రంథి, కాలేయం, కండరాలు, మూత్రపిండాలు కలిసి కాపాడతాయి. భోజనం చేసినప్పుడు ఇన్సులిన్ విడుదలై గ్లూకోజును కణాలలోకి పంపుతుంది. ఉపవాస సమయంలో గ్లూకాగాన్ అనే మరో హార్మోను కాలేయంలోని నిల్వలను కరిగించి రక్తంలోకి వదులుతుంది. మధుమేహంలో దెబ్బతినేది ఈ రెండింటి మధ్య సమతూకం. అందువల్ల ఈ వ్యాధిని చక్కెర పెరిగే వ్యాధిగా మాత్రమే కాక, చక్కెర నిలకడగా ఉండని వ్యాధిగా కూడా అర్థం చేసుకోవలసి ఉంటుంది.

అండమాన్ నికోబార్ దీవులలో ఈ నిలకడలేమికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనసంఖ్య సుమారు 3.8 లక్షలు. వారిలో 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి తరలివచ్చిన మత్స్యకార కుటుంబాల వారు వీరిలో అధికంగా ఉన్నారు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో తెలుగు వినిపించని వీధి అరుదు. ప్రధాన భూభాగం ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. జనావాసం ఉన్న ముప్పై పైచిలుకు దీవులలో చాలావాటికి పడవ గానీ, హెలికాప్టర్ గానీ తప్ప వేరే మార్గం లేదు. విశాఖలో అర్ధరాత్రి షుగర్ పడిపోయిన వ్యక్తిని ఆటోలో ఆసుపత్రికి చేర్చవచ్చు. గ్రేట్ నికోబార్‌లోనో, వేట పడవ మీదనో ఉన్న వ్యక్తికి ఆ అవకాశం ఉండదు. కాబట్టి హెచ్చుతగ్గులను ముందుగా పసిగట్టడమే ఇక్కడి రోగికి ప్రధాన రక్షణ.

సగటు దాచిపెట్టేది

చాలామంది రోగులు నెలకొకసారి పరగడుపున రక్తపరీక్ష చేయించుకుని, ఆ ఒక్క అంకెనే తమ ఆరోగ్య స్థితిగా భావిస్తారు. ఇది రోజంతా సాగే అలలలో ఒక్క క్షణాన్ని మాత్రమే చూడడం. పరగడుపున 110 వచ్చిన వ్యక్తికి మధ్యాహ్న భోజనం తరువాత 280 ఉండవచ్చు, తెల్లవారుజామున 55 కూడా ఉండవచ్చు. పరగడుపు పరీక్ష ఈ రెండింటినీ చూపదు.

గత రెండు, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష దీనికన్నా మెరుగైనదే. 7 శాతం వస్తే సగటు చక్కెర సుమారు 154 మిల్లీగ్రాములని, 8 శాతం వస్తే 183 అని లెక్క. అయితే రోజంతా 120, 190 మధ్య నడిచే వ్యక్తికీ, 50కి పడి 300కి లేచే వ్యక్తికీ అదే 7 శాతం రావచ్చు. పైగా ఈ పరీక్ష ఎర్ర రక్తకణాల ఆయుష్షుపై ఆధారపడి ఉంటుంది. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో ఫలితం అసలు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మలేరియా వంటి జ్వరాలలోనూ, జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారిలోనూ రక్తకణాలు త్వరగా నశిస్తే తక్కువగా కనిపిస్తుంది. గ్లూకోమీటర్ అంకెలకూ, ఈ సగటుకూ పొంతన కుదరనప్పుడు యంత్రాన్ని అనుమానించడానికి ముందు రక్తహీనత పరీక్ష చేయించడం మేలు.

ఈ లోపాన్ని పూరించేందుకు 2019లో అంతర్జాతీయ నిపుణులు మరో కొలమానాన్ని ఖరారు చేశారు. రోజులో ఎంత సమయం చక్కెర 70 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య ఉన్నదనేది ఆ కొలమానం. చాలామంది రోగులకు అది 70 శాతం, అంటే సుమారు 17 గంటలకు పైగా ఉండాలి. 70కి దిగువన గడిపే సమయం 4 శాతం లోపు, అంటే గంట లోపు ఉండాలి. వృద్ధులకు, ఇతర తీవ్ర వ్యాధులున్నవారికి పరిధిలో 50 శాతం సమయం చాలు కానీ, 70కి దిగువన 1 శాతం కూడా దాటకూడదు. పెద్ద వయసులో హెచ్చు కంటే తగ్గు త్వరగా హాని చేస్తుందన్న అవగాహన ఈ తేడాకు కారణం. అమెరికా, కెనడాలలో జరిగిన అకార్డ్ అధ్యయనంలో, హృద్రోగ ముప్పు ఉన్నవారిలో చక్కెరను మరీ కఠినంగా తగ్గించిన వర్గంలో మరణాలు పెరగడంతో 2008లో ఆ విభాగాన్ని ముందుగానే నిలిపివేశారు.

ఈ కొలమానానికి చర్మానికి అతికించే నిరంతర సెన్సర్ అవసరం. అది అందరికీ అందుబాటులో లేదు. గ్లూకోమీటర్ ఉన్నవారు వారంలో వేర్వేరు రోజుల్లో వేర్వేరు వేళల్లో, అంటే ఒకరోజు పరగడుపున, మరొకరోజు భోజనమైన రెండు గంటలకు, ఇంకొకరోజు నిద్రకు ముందు, అప్పుడప్పుడు తెల్లవారుజామున మూడు గంటలకు పరీక్షించి రాసుకుంటే స్థూలంగా అదే చిత్రం లభిస్తుంది. అయితే గ్లూకోమీటర్ అంకెలో 15 శాతం వరకు తేడా ప్రమాణాల ప్రకారం అనుమతించదగినదే. నిన్న 142, నేడు 151 వచ్చినంత మాత్రాన మందు మార్చవలసిన పని లేదు.

పెరుగుదలకు కారణాలు

అన్నం ప్రధానాహారమైన ఇళ్లలో భోజనానంతర పెరుగుదలే అన్నిటికన్నా పెద్ద అల. అన్నం పూర్తిగా మానేయడం తీరప్రాంత కుటుంబాలకు సాధ్యమయ్యే సలహా కాదు, అవసరమూ లేదు. పరిమాణం తగ్గించడంతో పాటు తినే క్రమం మార్చినా ఫలితం కనిపిస్తుంది. ముందుగా కూరగాయలు, చేప తిని, ఆ తరువాత అన్నం తింటే పెరుగుదల తక్కువగా ఉంటుందని పరిశోధనలు నిరూపించాయి. చేప పుష్కలంగా దొరికే దీవుల్లో ఇది కష్టమైన పని కాదు. పచ్చి బియ్యం కంటే ఉప్పుడు బియ్యం అన్నం నెమ్మదిగా జీర్ణమవుతుంది. భోజనమైన వెంటనే పది, పదిహేను నిమిషాలు నడిచినా అల ఎత్తు తగ్గుతుంది. కొబ్బరినీళ్లలో చక్కెర లేదన్నది అపోహ. ఒక పెద్ద బొండంలో పది గ్రాముల దాకా ఉండవచ్చు. రోజుకు ఒకటి తాగేవారు దానిని లెక్కలో వేసుకోవాలి.

రాత్రి ఏమీ తినకపోయినా ఉదయం చక్కెర ఎక్కువగా ఉండడం రోగులను అయోమయానికి గురిచేసే మరో విషయం. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోను పెరిగి, శరీరాన్ని మేల్కొలిపే క్రమంలో కాలేయం గ్లూకోజును విడుదల చేస్తుంది. తగినంత ఇన్సులిన్ లేనివారిలో అది రక్తంలోనే నిలిచిపోతుంది. రాత్రి షుగర్ పడిపోయి, దానికి ప్రతిచర్యగా ఉదయం పెరుగుతుందన్న పాత సిద్ధాంతం ఒకటి ఉంది. నిరంతర సెన్సర్లు వచ్చాక అది చాలా అరుదని తేలింది. ఏది నిజమో తేల్చేది మూడు గంటల వేళ చేసే పరీక్షే. అప్పుడు తక్కువగా ఉంటే రాత్రి మోతాదు తగ్గించాలి, ఎక్కువగా ఉంటే పెంచాలి. చూడకుండా పెంచడం ప్రమాదకరం.

ఇన్సులిన్ వాడేవారిలో అంతుచిక్కని హెచ్చుతగ్గులకు తరచుగా కారణమయ్యేది, వైద్యులు కూడా తగినంతగా పరిశీలించనిది, సూది గుచ్చే చోటు. ఒకేచోట పదేపదే గుచ్చితే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మెత్తని ఉబ్బుగా మారుతుంది. అక్కడ నొప్పి తక్కువ కాబట్టి రోగి మళ్లీ అక్కడే గుచ్చుకుంటాడు. ఆ ఉబ్బు నుంచి ఇన్సులిన్ ఒకరోజు ఆలస్యంగా, మరొకరోజు త్వరగా రక్తంలో కలుస్తుంది. మోతాదు అదే, భోజనం అదే, చక్కెర మాత్రం 90 నుంచి 300 దాకా ఊగుతుంది. పొట్టను వేళ్లతో తడిమి ఉబ్బులున్న చోట్లను వదిలి, ప్రతిసారీ కనీసం ఒక వేలి వెడల్పు జరిగి గుచ్చుకోవాలి. ఉబ్బు లేని చోటికి మారినప్పుడు అదే మోతాదు బలంగా పనిచేసి చక్కెర పడిపోవచ్చు కనుక, మోతాదు తగ్గింపుపై ముందే వైద్యుని అడగాలి.

తేమ చేసే చేటు

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. వాడకం మొదలుపెట్టిన సీసాను గది ఉష్ణోగ్రతలో సాధారణంగా నాలుగు వారాల వరకు ఉంచవచ్చు. ఫ్రిజ్ లేని ఇళ్లలో మట్టికుండలో ఇసుక పోసి, తడిపి, అందులో ఇన్సులిన్ ఉంచే పద్ధతి మన పల్లెల్లో ఉంది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది కాబట్టి రాయలసీమ వేసవిలో అది చక్కగా పనిచేస్తుంది. గాలి నిండా తేమ ఉండే అండమాన్‌లో నీరు అంత వేగంగా ఆవిరి కాదు, కుండ అంతగా చల్లబడదు. ఇక్కడ నీడ, గాలి తగిలే చోటు, చిన్న సీసాలు, తరచుగా కొనుగోలు నమ్మదగిన మార్గాలు. తేటగా ఉండవలసిన ఇన్సులిన్ మబ్బుగా మారినా, పాలవలె ఉండవలసినది కలిపిన తరువాత కూడా ముద్దలుగా ఉన్నా పారవేయాలి.

గ్లూకోమీటర్ స్ట్రిప్పులకూ తేమే శత్రువు. వాటిపై ఉండే ఎంజైము తడి తగిలితే పాడై తప్పుడు అంకె చూపుతుంది. డబ్బా మూత గట్టిగా బిగించాలి. స్ట్రిప్పులను విడదీసి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకోకూడదు. చేపలు, పళ్లు కోసిన చేతులతో పరీక్షించకూడదు. పండు రసం వేలికి అంటి ఉంటే లేని షుగర్ ఉన్నట్టు కనిపిస్తుంది.

వేట, పని, మద్యం

కండరాలు పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లాక్కుంటాయి. శ్రమ ఆగిన తరువాత కూడా, ఖాళీ అయిన నిల్వలను నింపుకొనేందుకు ఈ లాగుడు 24 గంటల వరకు కొనసాగుతుంది. పగలంతా వల లాగి, సాయంత్రం అలవాటైన మోతాదులో ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ వేసుకున్న వ్యక్తికి ఆ రాత్రి నిద్రలో చక్కెర పడిపోవడానికి ఇదే కారణం. వేట లేని రోజుకూ, ఉన్న రోజుకూ ఒకే మోతాదు సరిపోదన్న సంగతి వైద్యునికి రోగి చెప్పకపోతే తెలియదు.

దీనికి మద్యం తోడైతే పరిస్థితి విషమిస్తుంది. మద్యాన్ని విరిచే పనిలో ఉన్న కాలేయం కొత్త గ్లూకోజును తయారుచేయలేదు. తాగిన కొన్ని గంటల తరువాత, కొన్నిసార్లు మరునాటి ఉదయం, చక్కెర పడిపోతుంది. తూలడం, మాట తడబడడం చూసి మత్తు దిగలేదనుకుని పక్కవారు వదిలేయడం ఇందులోని అసలు ప్రమాదం.

మరో స్థానిక అంశం గడియారం. దీవులు భారత ప్రామాణిక కాలరేఖకు పది డిగ్రీల తూర్పున ఉన్నందున సూర్యుడు గడియారం కన్నా సుమారు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. పెందలాడే భోంచేసి, ఉదయం ఆలస్యంగా తినేవారికి మధ్య విరామం పన్నెండు, పదమూడు గంటలు దాటుతుంది. మాత్రలను గడియారంతో కాక భోజనంతో జోడించి వేసుకోవాలన్న నియమం ఇక్కడ మరింత అవసరం.

షుగర్ పడిపోయినప్పుడు

70 కంటే తగ్గితే చర్య తీసుకోవాలి, 54 కంటే తగ్గితే అది తీవ్రమైన హెచ్చరిక. చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి మొదటి సంకేతాలు. చిరాకు, తికమక, మాట తడబాటు మెదడుకు గ్లూకోజు అందడం లేదనడానికి గుర్తులు. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో, తరచుగా షుగర్ పడిపోయేవారిలో మొదటి సంకేతాలు మాయమై నేరుగా స్పృహ తప్పవచ్చు. రక్తపోటుకు వాడే కొన్ని బీటా బ్లాకర్ మందులు వణుకునూ, దడనూ కప్పిపుచ్చుతాయి. చెమట మాత్రం పడుతుంది.

చికిత్స 15 గ్రాముల గ్లూకోజు. గ్లూకోజు పొడి గానీ, నీటిలో కలిపిన మూడు, నాలుగు టీ చెంచాల చక్కెర గానీ తీసుకుని, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. తగ్గే ఉంటే మళ్లీ తీసుకోవాలి. లడ్డూ, చాక్లెట్ వంటివి అందులోని కొవ్వు వల్ల ఆలస్యంగా పనిచేస్తాయి. కొబ్బరినీళ్లలో ఉండే చక్కెర ఈ అవసరానికి చాలదు. మన దేశంలో విరివిగా వాడే వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వేసుకునేవారు మాత్రం పంచదారపై ఆధారపడకూడదు. పంచదారను విడగొట్టే ఎంజైమునే ఆ మందులు అడ్డుకుంటాయి కాబట్టి వారికి గ్లూకోజు పొడి మాత్రమే త్వరగా పనిచేస్తుంది. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గ్లూకాగాన్ ఉంటే ఇచ్చి, వైద్య సహాయం కోరాలి.

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ తరహా మాత్రల వల్ల పడిపోయిన చక్కెర ఒకసారి లేచి, కొన్ని గంటల తరువాత మళ్లీ పడిపోవచ్చు. మూత్రపిండాల బలహీనత ఉన్నవారిలో ఇది మరుసటి రోజు వరకూ కొనసాగవచ్చు. కోలుకున్నామని వెంటనే పడవ ఎక్కడం ప్రాణాంతకం కాగలదు.

ఓడ మీద మూడు రోజులు

విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి ప్రయాణికుల ఓడలు శ్రీ విజయపురం చేరడానికి రెండున్నర నుంచి మూడు, నాలుగు రోజులు పడుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఓడ ఊగిసలాటకు వాంతులు సర్వసాధారణం. ఇన్సులిన్ వేసుకుని తిన్న అన్నం వాంతి అయిపోతే మందు మిగిలి, ఆహారం మిగలదు. కడుపులో తిప్పుతున్నప్పుడు భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను భోజనం నిలిచిన తరువాత వేసుకునే వీలుందా అని బయలుదేరే ముందే వైద్యుని అడిగి ఉంచుకోవాలి. తినలేకపోతున్నామని రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపడం కూడా తప్పే. ముఖ్యంగా టైప్ 1 రోగులలో గంటల వ్యవధిలోనే రక్తం ఆమ్లపూరితమై కీటోఅసిడోసిస్ ఏర్పడుతుంది.

వాంతులు, విరేచనాలతో శరీరంలో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్‌ను, డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ తరహా మందులను తాత్కాలికంగా ఆపాలన్నది వైద్య మార్గదర్శకం. రెండో తరహా మందులలో ఒక చిక్కు ఉంది. చక్కెర 200 లోపే ఉన్నా కీటోఅసిడోసిస్ రావచ్చు. గ్లూకోమీటర్ అంకె బాగుందని, వాంతులన్నీ సముద్రం వల్లనేనని సరిపెట్టుకునే అవకాశం ఓడ మీద మరీ ఎక్కువ. ఆయాసం, కడుపునొప్పి ఉంటే ఓడలోని వైద్యునికి తాను వాడే మందు పేరు చెప్పాలి. విమానంలో వెళ్లేవారు ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే ఉంచుకోవాలి. సరుకు అరలో అది గడ్డకట్టవచ్చు.

జ్వరాలు, నికోబార్ ఆహారం

ఏ జ్వరమైనా సాధారణంగా చక్కెరను పెంచుతుంది. దీవుల్లో కనిపించే రెండు వ్యాధులు మాత్రం అటూ ఇటూ లాగుతాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ మూత్రపిండాలను దెబ్బతీసినప్పుడు ఇన్సులిన్, మాత్రలు శరీరంలోనే పేరుకుపోయి చక్కెర పడిపోతుంది. తీవ్ర మలేరియా, దానికి వాడే క్వినైన్ కూడా చక్కెరను పడదోస్తాయి. క్వినైన్ క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. జ్వరం ఉన్న రోజుల్లో నాలుగైదు గంటలకొకసారి పరీక్షించాలనడానికి కారణం ఇదే.

టెన్ డిగ్రీ ఛానెల్‌కు దక్షిణాన ఉన్న నికోబార్ దీవులలో కథ వేరు. మొగలి జాతికి చెందిన పాండనస్ కాయ, దుంపలు, కొబ్బరి, చేప, పంది మాంసం అక్కడి ప్రజల సంప్రదాయ ఆహారం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తోటలను తుడిచిపెట్టిన తరువాత సహాయంగా వచ్చిన బియ్యం, పంచదార, బిస్కెట్లు, నూడుల్స్ వారి వంటింట్లో స్థిరపడ్డాయి. పీచు నిండిన ఆహారం నుంచి త్వరగా కరిగే పిండిపదార్థాలకు ఒక సమాజం ఇంత వేగంగా మారడం అరుదు. అక్కడి రోగికి పట్టణపు ఆహార పట్టిక ఇవ్వడం కన్నా పాండనస్, దుంపలను తిరిగి పళ్లెంలోకి రమ్మనడం తెలివైన పని.

వైద్య సేవలు

శ్రీ విజయపురంలోని జి.బి. పంత్ ఆసుపత్రి దీవులన్నింటికీ ప్రధాన చికిత్సా కేంద్రం. కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రి ఉంది. అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మధుమేహ పరీక్షలు చేస్తారు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ వరకూ చేరింది. దానితో ఈ-సంజీవని వంటి దూరవైద్య సేవలు సులభమయ్యాయి. వైద్యునితో తెరపై మాట్లాడేటప్పుడు రెండు వారాల చక్కెర అంకెలు, భోజన వేళలు, శ్రమ చేసిన రోజులు రాసిన పుస్తకం చేతిలో ఉంటే ఆ ఐదు నిమిషాలు ఉపయోగపడతాయి.

సముద్రంలోకి దిగే ముందు

స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లకు వచ్చే పర్యాటకులలోనూ, అక్కడ పనిచేసే యువతలోనూ మధుమేహ రోగులు ఉంటారు. స్కూబా డైవింగ్ వారికి పూర్తిగా నిషిద్ధం కాదు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ మార్గదర్శకాల ప్రకారం నీటిలోకి దిగే గంట ముందు, అరగంట ముందు, దిగబోయే ముందు మూడుసార్లు పరీక్షించాలి. చక్కెర కనీసం 150 ఉండి, నిలకడగా గానీ, పెరుగుతూ గానీ ఉండాలి. పడుతూ ఉంటే దిగకూడదు, 300 దాటితే వాయిదా వేయాలి. సాధారణ పరిస్థితులలో మంచి అంకె అయిన 110 ఇక్కడ చాలదు, ఎందుకంటే నీటి అడుగున గ్లూకోజు తీసుకోవడం కష్టం, చెమట పట్టిన సంగతి ఎవరికీ తెలియదు. లోతు 30 మీటర్లకు, వ్యవధి గంటకు మించకూడదు. గ్లూకోజు జెల్ వెంట ఉండాలి, తోడుగా వచ్చే వ్యక్తికి మధుమేహం ఉండకూడదు. ఒంట్లో తేడా అనిపించిన వెంటనే వేళ్లతో చక్కెర తగ్గిందన్న సంజ్ఞ చూపి, ఉపరితలానికి వచ్చి, గ్లూకోజు తీసుకుని, ఆనాటికి నీటి నుంచి బయటపడాలి.